అమిష్ ఇంటి భోజనానికి నాలుగు స్టార్లు, తీసుకెళ్లిన గైడుకు ఒకటి

ముందే చెప్తున్నా, ఇది పొడుగు రివ్యూ. రేటు, టైమింగ్స్ మాత్రమే కావాలనుకునేవాళ్లు కిందికి పోండి, ఆఖర్లో రాశాను. మిగతావాళ్లు టీ పెట్టుకొని కూర్చోండి.

మేముండేది న్యూజెర్సీలో. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ మా ఇంటి నుంచి కారులో రెండు గంటల పైచిలుకు. సొంత కార్లు లేకుండా గుర్రబ్బండ్లలో తిరుగుతూ పాత పద్ధతిలో బతికే అమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు అక్కడుంటారు. మన తెలుగువాళ్లు అటు పోయేది చాలావరకు రూట్ 30 మీదున్న ఔట్‌లెట్ షాపుల కోసమే. ఇండియా నుంచి పెద్దవాళ్లొస్తే వాళ్లను గుర్రబ్బండి ఎక్కించి, ఫొటో తీసి, పనిలో పనిగా సూట్‌కేసు నిండా బూట్లూ బ్యాగులూ కొనుక్కొని వస్తాం. నేనూ అలా మూడుసార్లు పోయాను. బూడిద రంగు బగ్గీ, వెనక నారింజ రంగు త్రికోణం బోర్డు, టకటకమని గుర్రం చప్పుడు, కారు స్లో చేసి చూడటం, అంతే.

ఈసారి అమ్మా నాయినా మహబూబ్‌నగర్ నుంచి వచ్చారు. వాళ్ల కోసం మే నెలలో ఒక శనివారం టూరు బుక్ చేశాను. వ్యానులో రెండు గంటలు పొలాల మధ్య తిప్పి, సాయంత్రం ఒక అమిష్ కుటుంబం ఇంట్లో భోజనం పెట్టిస్తారు. మనిషికి అన్నీ కలిపి 90 డాలర్ల దాకా పడింది. ఏజెన్సీ పేరు రాయను, తిట్టబోతున్నాను కాబట్టి. భోజనం పెట్టినవాళ్ల పేరు అసలే రాయను, వాళ్లకది నచ్చదు.

వ్యానులో పన్నెండు మందిమి. ఎక్కగానే గైడు మైకు పట్టుకున్నాడు. మంచి గొంతు, జోకులు కూడా బాగానే వేస్తాడు, కానీ వేసిన ప్రతి జోకూ కిటికీ బయట పొలంలో పని చేసుకుంటున్న మనుషుల మీదే. అందరినీ ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతూ మా దగ్గరికొచ్చాడు. ఇండియా అన్నాం. అయితే ఇదంతా మీకు కొత్తగా ఉంటుంది, క్రిస్టియన్లలో ఇన్ని రకాలుంటాయని మీకు తెలిసి ఉండదు అన్నాడు. మా నాయిన రిటైర్డ్ స్కూలు టీచరు, ఇంగ్లీషు తక్కువే అయినా తడబడకుండా, 'వి ఆర్ మెన్నోనైట్స్' అన్నారు. గైడు పకపకా నవ్వాడు. నాయిన ఏదో పొరపాటుగా అన్నారనుకున్నాడు పాపం. ముందు సీట్లలో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నాయిన నవ్వలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లకే చాలామందికి తెలీదు. పాలమూరు జిల్లాలో, షాద్‌నగర్ నుంచి గద్వాల దాకా ఏ ఊళ్లో చూసినా ఎంబీ చర్చి ఉంటుంది. ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రదరన్. 1889లో రష్యా నుంచి బయలుదేరిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టారు, 1899లో అమెరికా ఎంబీ వాళ్లు హైదరాబాద్ వచ్చారు, ఆ తర్వాత మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాల, ఇలా పాకింది. నేను పుట్టింది జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలో. మా తాత బాప్తిస్మం తీసుకుంది దొరగారి చేతుల మీద. మా ఇంట్లో 'దొర' అంటే కలెక్టరు కాదు, భూస్వామీ కాదు, టోపీ పెట్టుకొని ఎడ్లబండిలో ఊళ్లు తిరిగిన మిషనరీ.

ఆ మెన్నోనైట్లూ ఈ అమిష్ వాళ్లూ ఒకే వేరు నుంచి వచ్చినవాళ్లు. 1525లో జ్యూరిక్‌లో కొందరు, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదు, బుద్ధి తెలిశాక మనిషి తానే అడిగి తీసుకోవాలి అని ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఆ రోజుల్లో అది రాజద్రోహం కిందే లెక్క, నీళ్లలో ముంచి చంపారు, కాల్చి చంపారు. మెన్నో సైమన్స్ అనే డచ్ ప్రీస్టు 1536లో క్యాథలిక్ చర్చి వదిలి వీళ్లలో కలిశాడు, ఆయన పేరు మీదే మెన్నోనైట్లు. 1693లో యాకోబ్ అమ్మాన్, సంఘం నుంచి వెలివేసినవాళ్లతో పొత్తు పూర్తిగా తెంచుకోవాలని పట్టుబట్టి తన వాళ్లతో వేరుపడ్డాడు, వాళ్లే అమిష్. అంటే మా నాయిన చెప్పింది అక్షరాలా నిజం. వ్యానులో ఉన్న పన్నెండు మందిలో ఆ బగ్గీల వాళ్లకు చుట్టాలెవరైనా ఉన్నారంటే అది మేమే. గైడుకు ఒక స్టారు కోత ఇక్కడ.

రెండో కోత, 'వీళ్లు 1700 సంవత్సరం దగ్గర ఆగిపోయారు' అన్నందుకు. ఆ మాట తప్పని ఆయన చూపించినవే చెప్తున్నాయి. కొట్టం వెనక డీజిల్ ఇంజను గుడగుడమంటోంది, దాంతో గాలిని ఒత్తిపెట్టి గొట్టాల ద్వారా వాషింగ్ మెషీను, వడ్రంగం మిషన్లు నడుపుతారు. ఫ్రిజ్ ఉంది, గ్యాసు మీద నడుస్తుంది. పైకప్పు మీద సోలార్ పలకలున్నాయి, బ్యాటరీలకు. లేనిదల్లా వీధి స్తంభం నుంచి ఇంట్లోకొచ్చే తీగ. కరెంటు పాపమని వాళ్లు అనరు. ఆ తీగ వెంట ఇంకేమేం ఇంట్లోకొస్తాయన్నదే వాళ్ల లెక్క. ఫోను కూడా వద్దనలేదు, నట్టింట్లో వద్దన్నారు, అందుకే పొలం గట్టున బాత్రూమంత చెక్క గదిలో ఫోనుంటుంది, పనుంటే నడిచిపోయి మాట్లాడి రావాలి. అవసరమైతే డ్రైవరును మాట్లాడుకొని కారెక్కుతారు, సొంత కారు మాత్రం కొనరు. సొంత కారుంటే ఆదివారం పక్క పొలంవాడి మొహం చూడాల్సిన పనుండదు కదా. సైకిలు కూడా తొక్కరు, పిల్లలూ పెద్దలూ ఒక కాలితో తన్నుకుంటూ పోయే స్కూటర్లే. దూరం ఎంతుండాలో అంతే ఉంచుకున్నారన్నమాట.

ఏది ఉండాలి, ఏది వద్దు అనేదాన్ని ఆర్డ్‌నుంగ్ అంటారు. పుస్తకంలో అచ్చు వేసి ఉండదు. ఏడాదిలో రెండుసార్లు, ప్రభువు బల్లకు (సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ముందు, సంఘమంతా కూర్చొని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటేనే బల్ల. ఒక్కో సంఘం అంటే ఇరవై ముప్ఫై ఇళ్లు, అంతే. చర్చి బిల్డింగ్ ఉండదు, ఆదివారం విడిచి ఆదివారం ఒక్కొక్కరి ఇంట్లో ఆరాధన, బెంచీలు బండిలో వేసుకొని ఇంటింటికీ తిప్పుతారు.

ఇది వింటుంటే నాకు మా అమ్మ వెళ్లే మందిరం గుర్తొచ్చి నిజం చెప్పాలంటే కడుపులో కొంచెం మండింది. నేను ఇంటర్లో ఉన్నప్పుడు అమ్మ ఎంబీ చర్చి మానకుండానే పక్క వీధిలో పెంతెకొస్తు కూడికలకు పోవడం మొదలుపెట్టింది. ఆర్నెల్లలో కమ్మలు తీసేసింది, పూలు మానేసింది, గాజులు మానేసింది, టీవీ మా మేనత్త ఇంటికి పోయింది. 'ఈ లోక మర్యాదను అనుసరింపక' అని పాస్టరుగారు స్టేజీ మీద నుంచి చెప్పేవారు, అనుసరించకూడని ఆ లోకమంతా ఆడవాళ్ల చెవుల్లో, మెడలో, జడలోనే ఉండేది. కట్నం లోకం కాదు. కులం చూసి సంబంధం కలుపుకోవడం లోకం కాదు. మగవాళ్ల చేతుల్లో స్మార్ట్‌ఫోను అయితే సువార్త కోసం. ఇక్కడ అమిష్‌లో మొగాళ్లకు కూడా రూలుంది, పెళ్లయ్యాక గడ్డం పెంచాలి, మీసం ఉండకూడదు (మీసం ఒకప్పుడు సైనికుల సొమ్ము, అందుకని), ఆదివారం కోటుకు గుండీలుండవు, కొక్కేలే. ఆడవాళ్ల మీద భారం లేదని కాదు, చాలా ఉంది, బిషప్పులందరూ మగవాళ్లే. కానీ కనీసం ఏది వదలాలో ట్రాక్టరు దగ్గర కూడా అడిగారు. కొట్టం దగ్గర మోటారులా ట్రాక్టరును వాడుకుంటారు, పొలంలోకి మాత్రం కంచర గాడిదలూ గుర్రాలే దిగుతాయి.

సరే, భోజనం. రివ్యూ అంటే అదే కదా.

సాయంత్రం అయిదింటికి తెల్లటి రెండంతస్తుల ఇంటి ముందు దింపాడు. పెరట్లో తీగ మీద బట్టలు వరసగా, నీలం గౌన్లన్నీ ఒకచోట, నల్ల ప్యాంట్లన్నీ ఒకచోట. లోపల ఒకటే పొడుగు బల్ల, గోడకు ఫొటోలు లేవు, క్యాలెండరూ గడియారమూ ఉన్నాయి. ఇంటాయనకు అరవై ఉంటాయేమో, ఇంటావిడ, పెళ్లయిన కొడుకు, కోడలు, పదిహేనేళ్ల అమ్మాయి. మొదటి సంగతి ప్రార్థన. ఇంటాయన తల వంచాడు, అందరూ వంచారు, ఒక్క మాట లేదు. మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన అంటే అన్నం చల్లారాల్సిందే, మా పెద్దనాన్న మొదలుపెడితే దేశ నాయకుల దాకా పోయి వస్తారు. ఇక్కడ నిశ్శబ్దం. అమ్మ పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం బిగబట్టుకుంది. అర నిమిషం తర్వాత ఇంటాయన చిన్నగా దగ్గాడు, అదే ఆమెన్. తిన్నాక మళ్లీ ఇంకోసారి అట్లాగే.

వడ్డన మన ఇళ్లలో లాగే, గిన్నెలు చేతులు మారుతూ పోతాయి, ఎవరికి కావలసింది వాళ్లు వేసుకోవడమే. ఇంట్లో కాల్చిన బ్రెడ్డు, దానికి యాపిల్ బటర్ (బటర్ ఉండదు, యాపిల్‌ను గంటలకొద్దీ ఉడికించి మసాలా వేసిన గుజ్జు, రేగువడియం రంగులో ఉంటుంది). కోడి వేయించింది, మాంసం ముద్దలా చేసి ఓవెన్లో పెట్టింది, ఆలుగడ్డ మెత్తగా మెదిపి గుంట చేసి అందులో గ్రేవీ, వెన్న ఎర్రగా కాచి పోసిన నూడుల్స్, చిక్కుళ్లు, స్వీట్ కార్న్. చౌ-చౌ అని ఒకటి పెట్టారు, రకరకాల కూరగాయలు, చిక్కుడు గింజలు వెనిగర్లో ఊరేసింది, చూడటానికి మన ఊరగాయే, నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉండి మోసం చేస్తుంది. కారం అనేది ఆ బల్ల మీద ఎక్కడా లేదు, మిరియాల డబ్బా తప్ప. అమ్మ బ్యాగులో ఎల్లిపాయ కారం చిన్న డబ్బా ఉందని నాకు తెలుసు, తియ్యొద్దని కళ్లతోనే చెప్పాను. బ్రెడ్డుకీ కోడికీ ఫుల్ మార్కులు, నూడుల్స్ మాత్రం నూనె కారుతూ చప్పగా ఉన్నాయి. చివర్న షూఫ్లై పై: కింద బెల్లప్పాకంలా మొలాసిస్, పైన పిండి పొడి. నాయినకు అది బాగా నచ్చింది, పోలెల్లో పూర్ణం మాడితే ఇట్లనే ఉంటది అన్నారు, అది పొగడ్తే. రెండు ముక్కలు తిన్నారు, షుగరున్న మనిషి.

తింటుండగా నాయిన మళ్లీ అదే మాట అన్నారు, మేము కూడా మెన్నోనైట్లమే అని. ఇంటాయన నవ్వలేదు. చెంచా కింద పెట్టి, ఏ మెన్నోనైట్లు అని అడిగాడు. బ్రదరన్ అన్నారు నాయిన. ఆయన తలూపి నేరుగా అసలు పాయింటుకొచ్చాడు: మీ దగ్గర నీళ్లు పోస్తారా, ముంచుతారా? అమిష్ వాళ్లు తల మీద పోస్తారు, ఎంబీ వాళ్లు ముంచుతారు, 1860లో రష్యా సామ్రాజ్యంలో మెన్నోనైట్ల నుంచి ఎంబీ వాళ్లు విడిపోయినప్పుడు జరిగిన వాదాల్లో అదీ ఒకటి. 'చెరువులో ముంచుతం' అన్నారు నాయిన. చలికాలం కూడానా అని ఆయన. మాకు చలికాలంతో పేచీ లేదు, ఎండాకాలంతోనే, మా పాలమూరు చెరువుల్లో ఎండాకాలం ముంచేటన్ని నీళ్లుండవు, బాప్తిస్మానికి వానల కోసం చూడాలె అన్నారు నాయిన. నేను అది ఇంగ్లీషులో చెప్పేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వాడు, పక్కనున్న కొడుక్కి వాళ్ల భాషలో మళ్లీ చెప్పాడు. ఇంట్లో మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్ (పేరుకే డచ్, జర్మన్ యాస అది), బైబిలు పాత జర్మన్‌లో, మాలాంటి బయటివాళ్లతో ఇంగ్లీషు. ఇదొక్కటి మాత్రం మనకు వింతగా అనిపించదు, ఇంట్లో పాలమూరు తెలుగు మాట్లాడుకొని చర్చిలో 'బయలువెడలి', 'చెప్పుచున్నాడు' అని చదువుకునేవాళ్లమే కదా.

ఈలోపు అమ్మ చూపంతా ఇంటావిడ బట్టల మీదుంది. గౌనుకు గుండీ లేదు, జిప్పు లేదు, నడుం దగ్గరా ఛాతీ మీదా వరసగా గుండుసూదులు, అంతే. 'గుచ్చుకోవా బిడ్డా, అడుగు' అంది. అడిగాను. ఆవిడ అమ్మ పక్కకొచ్చి కూర్చొని ఒక సూది తీసి చూపించింది, బట్టలోకి రెండుసార్లు దించి మొన మళ్లీ మడతలోనే దాక్కునేలా ఎట్లా పెట్టాలో. చిన్నప్పటి నుంచి అలవాటు, ఎప్పుడైనా గుచ్చుకుంటుంది అంది. అమ్మ తన కొంగుకు పెట్టుకున్న పిన్నీసు చూపించింది. తర్వాత ఆవిడ అమ్మ చెవుల వైపు చూసింది. కమ్మలు తీసి పద్దెనిమిదేళ్లు దాటాయి, రంధ్రాలు పూడిపోయి సన్నటి గీతల్లా మిగిలాయి. ఆవిడ చెవులకు అసలెప్పుడూ కుట్టించనే లేదు. ఆవిడ ఏమీ అడగలేదు, ఆ తర్వాత నా చెవుల వైపు చూసింది, నావి వజ్రాల తరహా చిన్న స్టడ్స్, ఆ ఔట్‌లెట్లలోనే కొన్నవి.

ఆ కమ్మల సంగతి అమ్మ ఆవిడకు చెప్పలేదు, నేను ఇక్కడ చెప్తాను. అవి మా అమ్మమ్మ చేయించింది, వేరుశనగ పీకే కూలికి మూడేళ్లు పోయి కూడబెట్టి. మా వాడలో బంగారు కమ్మలు పెట్టుకున్న మొదటి ఆడపిల్లల్లో మా అమ్మ ఒకతి. మా అమ్మమ్మ తరంలో ఆ కమ్మలు పెట్టుకొని ఊళ్లోకి పోవడమే ఒక సాహసం. అలాంటి కమ్మలు అమ్మ తనంతట తాను తీసి కానుకల పెట్టెలో వేస్తే అమ్మమ్మ నెల రోజులు మాట్లాడలేదు. నా పెళ్లిలో 'పిల్లను బోసిగా పంపిండ్రు' అని అత్తగారి వైపు వాళ్లు అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, అమ్మకు రాలేదు.

భోజనం చివర్లో ఇంటాయన అడిగాడు, మీ దేశంలో మీరు కూడా లోకానికి వేరుగా ఉంటారా అని. మంచి మనసుతోనే అడిగాడు. నాయిన చాలాసేపు ఆలోచించి అన్నారు: 'మేం వేరుండలే సార్. మమ్మల్నే వేరుగ పెట్టిండ్రు. ఊరు ఒక దిక్కు, మా వాడ ఒక దిక్కు. మిషన్ దొర వచ్చినంకనే మేం బడిలకు పోయినం, అందరితోటి కూసున్నం.' నేను దీన్ని ఇంగ్లీషులో చెప్పాలి. బల్ల చుట్టూ అందరూ నా మొహం చూస్తున్నారు, గైడు కూడా. 'మా వాళ్లు చాలా పేదవాళ్లు, మిషన్ స్కూలు మాకు సాయం చేసింది' అని ఏదో చెప్పేశాను. నాయిన నా వైపు ఒక్కసారి చూశారు, ఇంగ్లీషు మాట్లాడటం తక్కువే కానీ అర్థం బాగానే అవుతుంది ఆయనకు. రివ్యూలో దీనికి స్టార్లు ఎవరికి కోయాలి, నాకే.

వాళ్ల గురించి నాకు నచ్చనిదీ ఒకటుంది, అది కూడా రాయాలి. ఆ పదిహేనేళ్ల అమ్మాయిని నాయిన అలవాటు కొద్దీ ఏం చదువుతున్నావమ్మా అని అడిగారు. అయిపోయింది అంది. 8వ తరగతితో సరి. అమెరికా సుప్రీంకోర్టు 1972లో వాళ్లకు ఆ హక్కు ఉందని తీర్పిచ్చింది. ఒక గదిలోనే ఎనిమిది తరగతులు, ఆ తర్వాత పొలం, ఇల్లు, వడ్రంగం. నాయిన ఇంకేమీ అనలేదు. మహబూబ్‌నగర్ మిషన్ హాస్టలే లేకపోతే ఆయన కూడా తన ఈడు వాళ్లందరితో పాటు బొంబాయి పోయి మట్టి తట్టలు మోసేవారే, పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన మాట అది. ఒకే వేరు నుంచి వచ్చిన రెండు కొమ్మల్లో ఒకటి చదువు దగ్గర తలుపు వేసింది, ఇంకొకటి అదే తలుపు మా కోసం తీసింది. అయినా మాకు మేం వదిలేసుకున్నవీ ఉన్నాయి. ఆయుధం పట్టకూడదన్నది మెన్నో నుంచి ఈ రోజు దాకా వీళ్లు కాపాడుకున్న మాట. మా బాబాయి మిలిటరీకి సెలెక్టయితే మా చర్చివాళ్లే దండలేసి రైలెక్కించారు.

డబ్బు విషయంలో మాత్రం అసూయ పుట్టింది. 1965 నుంచి వాళ్లు సోషల్ సెక్యూరిటీ (ముసలితనంలో పెన్షన్ కోసం ప్రభుత్వం సంపాదనలోంచి పట్టే పన్ను) కట్టక్కర్లేదు (సొంత పని చేసుకునేవాళ్లు), తీసుకోరు కూడా. ముసలివాళ్లను కొడుకు ఇంటిని ఆనుకొని కట్టిన చిన్న ఇంట్లో ఉంచుకుంటారు, ఆసుపత్రి బిల్లు వస్తే సంఘం వేసుకుంటుంది. మిగతా పన్నులన్నీ కడతారు. హెచ్‌1బీ మీద ఉండి ప్రతి జీతంలో ఆ కోత చూసుకుంటూ, ఎప్పటికైనా తిరిగొస్తుందో లేదో తెలియని మన బతుకులు ఒక్క నిమిషం గుర్తొచ్చాయి.

ఇప్పుడు గైడుకు పడ్డ పెద్ద కోత. తిరిగొచ్చేటప్పుడు నికెల్ మైన్స్ గురించి చెప్పాడు. 2006 అక్టోబర్ 2న ఒక మనిషి తుపాకీతో అక్కడి అమిష్ బడిలో దూరి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, అయిదుగురు చనిపోయారు, వాడూ కాల్చుకున్నాడు. ఆ రోజు సాయంత్రానికే అమిష్ వాళ్లు కొందరు ఆ హంతకుడి కుటుంబం దగ్గరికి పోయి, మీ మీద మాకు కోపం లేదని చెప్పారు, వాడి అంత్యక్రియలకూ పోయారు. ఆ బడిని కూలగొట్టి గడ్డి పెరగనిచ్చి, వేరే చోట కొత్తది కట్టుకున్నారు. చెప్పాల్సిన సంగతే, కానీ ఈయన మైకులో గొంతు తగ్గించి సినిమా ట్రైలర్ చెప్పినట్టు చెప్పి, మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుండగానే, 'నెక్స్ట్ స్టాప్, ఐస్‌క్రీమ్!' అన్నాడు. పైగా అంతకుముందు ఇంటి బయట ఒకాయన ఆ అమ్మాయి మొహం మీదికి ఫోను పెట్టి ఫొటో తీస్తుంటే ఆపలేదు. పోజిచ్చి ఫొటో దిగడం వాళ్లకు విగ్రహం చేసుకున్నట్టే, బైబిల్ పది ఆజ్ఞల్లో రెండోది వద్దన్న పని. టూరు బ్రోషర్లో ఫొటోలు తీయొద్దని రూలు రాసింది ఈ ఏజెన్సీవాళ్లే, అడ్డుకోవడానికి మాత్రం నోరు రాలేదు. ఆ పని నాయిన చేశారు, టీచరు గొంతుతో ఒక్కటే మాట, 'నో!' అని.

మీరు పోతే ఇట్లా చేయండి. టూరు వ్యాను వద్దు. సొంత కారులో రూట్ 340 మీద బర్డ్-ఇన్-హ్యాండ్ వైపు నెమ్మదిగా పోండి, బగ్గీని దాటేటప్పుడు హారన్ కొట్టకండి, గుర్రం బెదురుతుంది. ఇంటి భోజనం కావాలంటే వేరేగా మాట్లాడుకోండి, నెల ముందు చెప్పాలి, నాకు తెలిసి గుంపుగా పోతేనే దొరుకుతుంది. మేం పోయినప్పుడు భోజనం ఒక్కదానికైతే 35, 40 డాలర్ల లోపే ఉండేది. క్యాష్ పెట్టుకోండి. శాకాహారులకు బ్రెడ్డు, ఆలుగడ్డ, మొక్కజొన్న మీద గడిచిపోతుంది, ముందే చెప్తే ఇంకాస్త వండుతారు. లాంకాస్టర్ ఊళ్లో సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాలే, అక్కడ కొన్ని స్టాళ్లు అమిష్ వాళ్లవి, బ్రెడ్డూ పచ్చళ్లూ అక్కడే చవక. మార్కెట్ 1730ల నుంచీ ఉందట, ఇప్పుడున్న ఎర్ర ఇటుకల బిల్డింగ్ 1889ది. మన చర్చి బ్యాచీలన్నీ బస్సులేసుకొని పోయే బైబిల్ నాటకాల పెద్ద థియేటరు కూడా ఆ చుట్టుపక్కలే, స్టేజీ మీద నిజం గుర్రాలొస్తాయి, బాగుంటుంది, కానీ రోడ్డుకు ఆ పక్క గుర్రాలతో పొలం దున్నేవాళ్లు దాన్ని చూసి ఏమనుకుంటారో. ఆదివారం మాత్రం పోకండి, అమిష్ షాపులన్నీ బంద్.

బట్టలు అమ్మే దుకాణంలో అమ్మ రెండు డాలర్లు పెట్టి గుండుసూదుల పెట్టె ఒకటి కొనుక్కుంది, నాయిన ఏమీ కొనలేదు. బయలుదేరేటప్పుడు ఇంటాయన ఒక కాగితం మీద తన పోస్టల్ అడ్రసు రాసిచ్చాడు. పాలమూరు పోయాక నాయిన ఆయనకు ఉత్తరం రాశారు, నా సాయం లేకుండా, డిక్షనరీ పక్కన పెట్టుకొని, నాలుగు పేజీలు. వాడ గురించి అందులో మళ్లీ రాశానన్నారు, ఈసారి సరిగ్గా. రెండు నెలలకు తిరుగు ఉత్తరమొచ్చింది. నాయిన ఫోన్లో చదివి వినిపించారు. మొదటి పేజీ మొత్తం నాయిన రాసినదాని గురించే, అది ఇక్కడ రాయను. రెండో పేజీలో మొక్కజొన్న, ఆవులు, మనవడు పుట్టిన సంగతి. కింద ఒక ప్రశ్న: ఈ ఏడు చెరువు నిండిందా?